షహ్హాత్ పేరు మీద మేడ

ఆ రోజు ఉదయం సందులో ఆకాశం లేదు.

తెల్లవారగానే నీళ్ళ మోటారు వెయ్యడానికి షహ్హాత్ పక్కకు తిరిగి ఆ సందులోకి దూరతాడు. తను కాపలా కాసే మేడకూ పక్క మేడకూ మధ్య ఉన్న ఖాళీ అంతే: ఒక మనిషి, అదీ పొట్ట లేని మనిషి, పట్టేంత. స్విచ్చి వేసి తల ఎత్తితే పదమూడు అంతస్తుల పైన సన్నటి పీలికలా ఆకాశం కనిపించేది. అతను ఒకప్పుడు పడవ నడిపినవాడు. ఆ పీలికలో మబ్బులు ఎటు పోతున్నాయో చూసి, ఈ పూట బట్టలు ఆరవేసుకోవచ్చో లేదో మేడలో ఆడవాళ్ళకు చెప్పేవాడు.

ఆ రోజు పీలిక పైకి పోతున్నకొద్దీ సన్నబడింది. చివరికి చేరకుండానే ఆగిపోయింది. ఎవరైనా పైన అడ్డంగా చెక్క పెట్టారేమో అనుకున్నాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. చెక్క కాదు. రెండు గోడలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చూస్తుండగానే సన్నటి ఇసుక రాలి కంట్లో పడింది.

అతను గోడను తాకకుండా బయటికి రావాలనుకున్నాడు. ఆ సందులో అది కుదిరే పని కాదు.

మెట్ల కింద గదిలో భార్య గలీలా చిక్కుడు గింజల కూర వేడి చేస్తోంది. అతని అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే అంది:

"మేడగలవారు వచ్చారా? ఆరో అంతస్తు చెత్త సంచి గుమ్మంలోనే ఉంది. తమరు దయచేస్తే తీసుకుపోయి పారేద్దురుగాని."

రోజూ ఉండే వేళాకోళమే. షహ్హాత్ నవ్వలేదు.

"ఏమయ్యా, కన్నెందుకలా ఎర్రబడింది?"

"ఇసుక పడింది."

"సందులో ఇసుకెక్కడిది?"

అతను చెత్త సంచి పట్టుకుని వెళ్ళిపోయాడు.

గలీలా వేళాకోళంలో ఒక నిజం ఉంది. కాగితాల మీద ఆ మేడ షహ్హాత్‌దే. కట్టినవాడు హాజీ మెత్వల్లి. ఫ్లాట్లు అమ్మి డబ్బు తీసుకున్నవాడూ మెత్వల్లే. కానీ అనుమతి కాగితాల్లో యజమానిగా ఉన్నది షహ్హాత్ ఒక్కడే. అలా పేరు అరువిచ్చేవాణ్ణి అలెగ్జాండ్రియాలో కాహూల్ అంటారు. మేడ నిలబడినన్నాళ్ళూ కాహూల్ ఎవరో ఎవరికీ అక్కరలేదు. కూలిన రోజున జైలుకు వెళ్ళేది అతనే.

షహ్హాత్ ఇల్లు ఒకప్పుడు మెక్స్ కాలువ గట్టున ఉండేది. గుమ్మంలో కాలు కింద పెడితే పడవలో పడేది. ఆ ఇళ్ళు పోయాక పడవ కట్టుకునే చోటు కూడా పోయింది. పడవ అమ్మి పని వెతుక్కుంటూ తిరుగుతున్నప్పుడు మెత్వల్లి కనిపించాడు. మెట్ల కింద గది ఇస్తాను, వాచ్‌మన్ పని ఇస్తాను, ఒకచోట సంతకం పెట్టు అన్నాడు. నా పేరు మీద ఇప్పటికే చాలా ఉన్నాయి, అందుకని నీ పేరు, అంతే అన్నాడు. షహ్హాత్‌కు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ రాత్రి భార్యతో, "నీ మొగుడు ఇప్పుడు మేడగలవాడే," అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఊరు సముద్రం వెంట బారుగా పెరిగి, ఇక పక్కకు చోటు లేక పైకి పెరగడం మొదలుపెట్టిన రోజులవి. మల్లె తీగలున్న చిన్న చిన్న ఇళ్ళు ఒక్కొక్కటే పోయి, వాటి స్థలంలో సన్నగా పొడుగ్గా మేడలు లేచాయి. ఈ మేడ ఉన్న అసాఫ్రా పేట వీధుల్లో ఇటు బాల్కనీలోంచి అటు బాల్కనీలోకి ఉప్పు డబ్బా అందించవచ్చు. ఈ మేడకు అనుమతి ఆరు అంతస్తులకే. ఆఫీసులు మూసే శుక్రవారం సెలవుకు ఒక అంతస్తు లేచింది. పండగ సెలవులకు రెండు లేచాయి. తనిఖీవాళ్ళు వచ్చేసరికి పై అంతస్తు కిటికీలకు తెరలు వేలాడుతుండేవి. కొత్తగా దిగినవాళ్ళ ఇళ్ళలో వంట వాసన వచ్చేది. మనుషులున్న ఇంటిని ఎవరు పడగొడతారు?

ఇప్పుడు అందులో మనుషులున్నారు. షహ్హాత్‌కు వాళ్ళందరి రొట్టెల లెక్కా తెలుసు.

మధ్యాహ్నం అతను ట్రాము స్టేషను వెనక టీకొట్టులో మెత్వల్లిని పట్టుకున్నాడు. హాజీ హుక్కా పీలుస్తూ ఎవరితోనో గవ్వలాట ఆడుతున్నాడు.

"ఏరా షహ్హాతూ, ఎవరన్నా పోయారా? ఆ మొహమేమిటి?"

"మేడ ఒరిగింది, హాజీ గారూ."

ఆటలో ఉన్న రెండోవాడు తల ఎత్తాడు. మెత్వల్లి అతన్ని చూసి నవ్వాడు. ఆ మనిషి కుర్చీ తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"మేడలన్నీ కొంచెం ఊగుతాయిరా. నీ పడవ ఊగలేదూ?"

"పడవ ఊగి మళ్ళీ నిలబడుతుంది, హాజీ గారూ. ఇది నిలబడటం లేదు. పక్క మేడను ఆనుకుంది. రాత్రి చీపురు తుఫాను వస్తుందంటున్నారు." నవంబరులో వచ్చే ఆ గాలికి ఊళ్ళో అదే పేరు. వీధులన్నీ ఊడ్చుకుపోతుంది. "జనాన్ని దింపేయండి. ఇంజనీరును పిలిపించండి."

"పిలిపిస్తాను. తుఫాను పోనీ. ఇప్పుడు ఎవరితో ఏం చెప్పినా ఫ్లాటు కొన్నవాళ్ళంతా నా గొంతు పట్టుకుంటారు."

"అయితే నేనే వెళ్ళి మునిసిపాలిటీ ఆఫీసులో చెబుతాను."

మెత్వల్లి, షహ్హాత్ ముందున్న టీ గ్లాసును తన దగ్గరికి జరుపుకుని, అందులో పంచదార వేసి నిదానంగా కలిపాడు.

"చెప్పు. నేను ఆపానా? వాళ్ళు మొదట అడిగేది యజమాని ఎవరని. కాగితం తీస్తారు. అందులో నేనున్నానా? నేనెవర్నిరా నీకు? నీ మేడ ముందు నుంచి నడిచిపోయేవాణ్ణి, అంతే." గ్లాసు వెనక్కి జరిపాడు. "తాగు, చల్లారిపోతుంది. గలీలాకి మోకాలి నొప్పి తగ్గిందా? పాపం, నువ్వు లోపల కూర్చుంటే దానికి మందు తెచ్చేదెవరు? మేమే కదా చూసుకోవాలి. చూసుకుంటాం."

అరిచి ఉంటే షహ్హాత్‌కు అంత భయం వేసేది కాదు. అతను టీ తాగాడు. తియ్యగా ఉంది.

దారి పొడుగునా అతను తల ఎత్తి మేడలనే చూస్తూ నడిచాడు. ఇంతకు ముందు ఎప్పుడూ అలా చూడలేదు. చూస్తుంటే ఏదీ నిటారుగా ఉన్నట్టు అనిపించలేదు. ఇంటికి వచ్చి గలీలాకు అంతా చెప్పాడు. ఆమె గరిటెతో కూర కలుపుతూనే ఉంది.

"మన సామాను సర్దనా?" అని అడిగింది చివరికి.

"మనం ఇద్దరమే వెళ్ళిపోతే మిగతావాళ్ళు?"

"అలా అనలేదు." ఆమె గరిటె కింద పెట్టింది. "అడిగానంతే."

ఆ రాత్రి తుఫాను రాలేదు. గాలి మాత్రం మొదలైంది. తెల్లవారి షహ్హాత్ మోటారు వెయ్యలేదు. నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు. నీళ్ళు లేకపోతే జనం చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోతారని అనుకున్నాడు. ఆ మేడలో రెండో అంతస్తు దాటితే మోటారు లేకుండా చుక్క కూడా ఎక్కదు.

పొద్దెక్కేసరికి బాల్కనీల నుంచి తాళ్ళకు కట్టిన బుట్టలు దిగాయి. కూరలకు, రొట్టెలకు దించే బుట్టల్లో ఇవాళ ఖాళీ డబ్బాలున్నాయి. మూడో అంతస్తు నుంచి బస్యూనీ వాళ్ళమ్మ కేక పెట్టింది:

"షహ్హాత్ బాబాయ్! ఈ డబ్బాలో నీళ్ళు పోస్తావా, నన్నే ఏడ్చి నింపుకోమంటావా?"

"మోటారు కాలిపోయిందమ్మా."

"నిన్న సాయంత్రం బానే ఉందిగా!"

"నిన్న బానే ఉంది. రెండు రోజులు పడుతుంది. తంతా ఊళ్ళో మీ చెల్లెలింటికి వెళ్ళి రారాదూ? పిల్లలకీ సరదాగా ఉంటుంది."

"దాని మొగుడి మొహం చూడ్డం కన్నా దాహంతో చావడం నయం!"

వీధంతా నవ్వింది. షహ్హాత్ నవ్వలేకపోయాడు. చావడం అన్న మాట అతని చెవిలో ఉండిపోయింది.

ఎవరూ వెళ్ళలేదు. ఐదో అంతస్తులో ఉండే దర్జీ ఫిక్రీ ట్యాంకరును మాట్లాడుకొచ్చాడు. మధ్యాహ్నానికి నీళ్ళు నింపిన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు మెట్ల మీదుగా పైకి వెళ్ళడం మొదలైంది. లిఫ్టు తలుపు ముందు రోజు నుంచీ మూసుకోవడం లేదు. ఇద్దరిద్దరు మగవాళ్ళు ఒక్కో డ్రమ్మును భుజాలకెత్తుకుని, బూతులు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కారు. వాటిని ప్రతి ఇంట్లోనూ వంటింట్లో పెట్టుకున్నారు.

వంటిళ్ళన్నీ సందు వైపే ఉన్నాయి.

ఆ సంగతి షహ్హాత్‌కు అప్పుడు తట్టలేదు. ఆఖరి డ్రమ్ము పన్నెండో అంతస్తుకు వెళ్ళాక తట్టింది. మేడ ఏ వైపు ఒరిగిందో సరిగ్గా ఆ వైపే, ఇంటింటికీ బరువు పెంచుకోవడానికి వాళ్ళకు కారణం ఇచ్చింది తనే.

అతను సందు మొదట్లో నిలబడి విన్నాడు. లోపలికి వెళ్ళలేదు. గాలి విసురుగా వచ్చినప్పుడల్లా పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. నిద్రలో పళ్ళు కొరికే మనిషి పక్కన పడుకున్నట్టుంది అది. తర్వాత గిద్దెడు పెళ్ళలు రాలి మోటారు రేకు మీద పడ్డాయి.

షహ్హాత్ మెట్లు ఎక్కాడు.

"బస్యూనీ వాళ్ళమ్మా, మేడ ఒరిగింది. పిల్లల్ని తీసుకుని దిగు."

"నీళ్ళాపితే పోలేదని ఇప్పుడు ఇదా? మా ఫ్లాటు మళ్ళీ ఎవరికన్నా అమ్ముకుంటున్నాడా మీ హాజీ?"

ఐదో అంతస్తులో ఫిక్రీ నోట్లో గుండుసూదులు పెట్టుకునే విన్నాడు. తీసి అడిగాడు:

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాను. ఈ మేడ నాది."

"ఎవరిదీ?"

"నాదే. కాగితాల్లో నా పేరే ఉంది."

ఫిక్రీ నవ్వు విని ఎదురింటివాళ్ళు తలుపు తీసుకుని వచ్చారు. "ఒరేయ్, ఇటు రండి, యజమానిగారు వేంచేశారు! అయ్యా, మా బాత్రూం పైపు ఏడాదిగా కారుతోంది, తమరికి విన్నవించుకోవాలని ఎదురుచూస్తున్నాం!"

ఎదురింటాయన సలాము చేశాడు. ఎవరో పిల్ల వంగి అతని చెయ్యి ముద్దు పెట్టుకోబోయింది. ఇన్నేళ్ళూ దాచిన మాట ఇలా నవ్వులపాలు అవుతుందని షహ్హాత్ ఎప్పుడూ అనుకోలేదు. అతను వాళ్ళ భుజాల మీదుగా వంటింటి గోడ వైపు చూశాడు. నీలం డ్రమ్ము వెనక గోడ మీద వెంట్రుకంత గీత ఉంది. అది నిన్నటిదో ఇవాళ్టిదో అతనికి తెలియలేదు. వాళ్ళను వదిలి ఇంకా పైకి ఎక్కాడు.

పన్నెండో అంతస్తులో ఇన్షిరాహ్ టీచరు ఒక్కతే ఉంటుంది. పిల్లలకు భూగోళం చెప్పి పదవీ విరమణ చేసింది. పోయిన చలికాలంలో భర్త చనిపోయాక కిందికి దిగడం మానేసింది. బుట్ట కూడా ఎప్పుడో గాని దించదు. తలుపు తీసి, అతను చెప్పినదంతా నిలబడే విన్నది. నవ్వలేదు. ఎందుకు, ఎలా అని అడగలేదు. లోపలికి వెళ్ళి టీ గ్లాసు తెచ్చి గుమ్మం దగ్గర గచ్చు మీద పెట్టింది.

గ్లాసులో టీ ఒక వైపు అంచు దగ్గరికి వచ్చి ఉంది. రెండో వైపు గోరంత దిగి ఉంది.

"ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉంది," అంది ఆమె. "మంచం ఒరిగినట్టుంటుంది. అలమారు తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆయన పోయినప్పటి నుంచి నాకే అలా అనిపిస్తోందనుకున్నాను. కళ్ళ డాక్టరుకు చూపించుకుందామనుకుని ఊరుకున్నాను."

షహ్హాత్ గ్లాసు కేసి చూశాడు. "ఇల్లే, టీచరమ్మా," అన్నాడు.

"అవును. ఇల్లే." ఆమె గోడకు ఉన్న భర్త కోటు తీసి భుజాల మీద వేసుకుంది. దీపం ఆర్పింది. తలుపు తాళం వెయ్యలేదు. "పద. నువ్వు తలుపు కొట్టు. నేను మాట్లాడతాను."

ఆ మేడలో సగం మంది పిల్లలు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. ఫిక్రీ కూడా ఒకప్పుడు ఆమె తరగతిలో వెనక బెంచీ. ఆమె గొంతు పెంచలేదు.

"ఫిక్రీ, సూదులు తీసి కింద పెట్టు. మంచం మీదున్న మీ నాన్నను నువ్వు ఎత్తుకో. బూట్లు వీధిలో వేసుకోవచ్చు."

"టీచరుగారూ, వీడు చెప్పే మాటలు నమ్మి..."

"నేను వీణ్ణి చూసి చెప్పడం లేదు. నా ఇంట్లో చూసి చెబుతున్నాను. లే."

ఫిక్రీ లేచాడు. అంతస్తు తర్వాత అంతస్తు ఖాళీ అయింది. బస్యూనీ వాళ్ళమ్మ ఒక చేత్తో పిల్లనీ, ఇంకో చేత్తో ఉడుకుతున్న కూర గిన్నెనీ పట్టుకుని దిగింది. ఎవరూ నవ్వడం లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మధ్య, గాలి విసిరినప్పుడల్లా, ఆ పళ్ళు కొరికే చప్పుడు ఇప్పుడు అందరికీ వినిపించింది. విన్న ప్రతివాళ్ళూ ఒక మెట్టు మీద ఆగి, మళ్ళీ దిగారు. అప్పటికే గలీలా మోకాలు పట్టుకుని కుంటుతూ పక్క మేడ వాచ్‌మన్‌ను లేపి, ఆ మేడవాళ్ళను కూడా దింపింది.

సాయంత్రానికి వీధి నిండా జనం. సముద్రం రోడ్డు వైపు నుంచి గాలి ఇసుకనూ, చెత్త సంచులనూ తోసుకొస్తోంది. వీధి చివర నుంచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతోంది: రెండు మేడలు భుజాలు ఆనించుకుని నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. ఆ వీధిలో తల ఎత్తితే తగలడానికి ఇంకో బాల్కనీయే ఉంటుంది కాబట్టి, ఎవరూ ఎత్తరు.

పోలీసు అధికారి వచ్చాడు. కుర్రవాడు. చూడగానే అతని మొహం తెల్లబడింది.

"దీని యజమాని ఎవరు?"

"మెత్వల్లి!" అన్నారు చాలామంది ఒకేసారి.

అధికారి మెత్వల్లికి ఫోను చేశాడు. మోగలేదు. "కాగితాల్లో ఉన్నది ఆయనేనా? యజమాని నా ముందు నిలబడి సంతకం పెడితేనే నేను గేటుకు గొలుసు వేసి, గ్యాసూ కరెంటూ తీయించగలను. లేకపోతే పై ఆఫీసు నుంచి ఎవరో రావాలి, రేపటి మాట."

జనంలో కదలిక మొదలైంది. రేపటిదాకా ఆగాలంటే ఒకరికి మందులు కావాలి, ఒకరికి పెళ్ళినాటి గాజులు కావాలి. ఒకావిడ పంజరంలో పిట్టను మరిచిపోయానని ఏడుస్తోంది. "ఒక్క నిమిషం, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను," అంటూ ఇద్దరు గేటు దాటారు. కుట్టు మిషను కోసం ఫిక్రీ వాళ్ళ వెనకే పరుగెత్తాడు.

షహ్హాత్ నిలబడి ఉన్నాడు. మెత్వల్లిది అని తను అంటే వాదన మొదలవుతుంది. కాగితం తెప్పిస్తారు, కాగితంలో మెత్వల్లి ఉండడు. ఈలోగా వీళ్ళు పైకి ఎక్కుతూనే ఉంటారు. నాది అంటే గొలుసు ఇప్పుడే పడుతుంది. మెత్వల్లి తనకు గది ఇచ్చింది, ఇన్నేళ్ళు పెట్టుకున్నది, సరిగ్గా ఆ ఒక్క మాట కోసమే. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా ఆ మనిషి గెలిచేలా ముందే కట్టి పెట్టాడు. మేడకన్నా అది గట్టిగా కట్టాడు.

పైన ఏదో అద్దం పగిలింది. ముక్కలు సందులో రాలాయి.

"నాది, సార్," అన్నాడు షహ్హాత్.

అధికారి అతని కాపలా కోటు చూశాడు. "నువ్వు వాచ్‌మన్‌వి కదా?"

"వాచ్‌మన్‌నీ నేనే, యజమానినీ నేనే. ముందు వాళ్ళని బయటికి పిలవండి. గొలుసు వెయ్యండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫిక్రీ ఖాళీ చేతులతో బయటికి వచ్చి, షహ్హాత్ మొహంలోకి చూడకుండా జనంలో కలిసిపోయాడు. గొలుసు పడింది. గలీలా తన శాలువా తీసి షహ్హాత్ మెడకు చుట్టింది. ఏ వేళాకోళమూ ఆడలేదు.

"మెత్వల్లి సంగతి కూడా చెప్పు," అంది ఇన్షిరాహ్ టీచరు.

"నా దగ్గర రుజువేముంది, టీచరమ్మా?"

"నేను డబ్బు ఆ మనిషి చేతికే ఇచ్చాను. మా ఆయన పక్కనే ఉన్నాడు." ఆమె కోటు దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. వచ్చి చెబుతాను. ఇంకెవరు వస్తారు నాతో?"

ఆమె అందరి వైపూ చూసింది. అందరూ మెత్వల్లికే డబ్బు కట్టినవాళ్ళు. అందరి పిల్లలూ మెత్వల్లి మనుషులుండే ఆ వీధుల్లోనే తిరుగుతారు. బస్యూనీ వాళ్ళమ్మ కూర గిన్నె మీద మూత సర్దుకుంది. తండ్రి కాళ్ళకు బూట్లు తొడుగుతున్న ఫిక్రీ తల ఎత్తలేదు.

షహ్హాత్‌ను జీపు ఎక్కించారు. అధికారి కాగితంలో యజమాని అన్నచోట అతని పేరు, తండ్రి పేరు రాసుకున్నాడు. మెత్వల్లి పేరు ఇంకా ఎవరూ రాయించలేదు.